పాము ఆకాశం వైపే చూస్తోందా? నరాల జబ్బు కావచ్చు
తొలి లక్షణాలు గుర్తిస్తేనే ఫలితం.. సొంత వైద్యం ప్రమాదకరం

విశాఖపట్నం: తల వెనక్కి వాల్చి గంటల తరబడి పైకే చూస్తుండే పాము, వెల్లకిలా పడితే తిరిగి బోర్లా పడలేని పాము కనిపిస్తే 'మత్తులో ఉంది' అనో 'పగబట్టింది' అనో అనుకోవడం పరిపాటి. వాస్తవానికి ఇవి మెదడు, నాడీమండలం దెబ్బతిన్నప్పుడు కనిపించే లక్షణాలు. విదేశీ జాతి పాములను పెంచేవారు నగరాల్లో ఉన్న ఈ రోజుల్లో వీటిపై అవగాహన అవసరం. సింహాచలం కొండలు, కంబాలకొండ అభయారణ్యం, ఉక్కునగరం పొదలను ఆనుకొని కాలనీలు ఉన్న విశాఖలో పాములు ఇళ్లలోకి రావడం కొత్తేమీ కాదు కనుక సామాన్యులకూ ఇది ఉపయోగపడే విషయమే.

ఏ పామును పెంచవచ్చు?
నాగుపాము, గిరినాగు, రక్తపింజరి, జెర్రిపోతు, కొండచిలువ వంటి మన దేశపు పాములను ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మొదటి షెడ్యూలులోని జీవుల విషయంలో మూడు నుంచి ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్, అమెరికా ఖండపు బోవా వంటి విదేశీ జాతులను పెంచేవారు 2024 ఫిబ్రవరిలో వెలువడిన నిబంధనల మేరకు 'పరివేష్' పోర్టల్ ద్వారా నమోదు చేయించుకోవాలి.

లక్షణాలు ఇవీ..
* తల, మెడ వెనక్కి వంగి పైకి చూస్తూ ఉండిపోవడం.
* తల ఒకపక్కకు వాలడం, వణకడం, శరీరం మరచుట్టులా మెలితిరగడం.
* నెమ్మదిగా వెల్లకిలా తిప్పితే తనంతట తాను సరిగా తిరగలేకపోవడం.
* ఎలుక ఎదురుగా ఉన్నా కాటు గురి తప్పడం, మింగిన ఆహారాన్ని తరచూ కక్కడం.
* మూర్ఛ, తోకభాగం చచ్చుబడటం, నాలుక ఆడించడం తగ్గడం.

కుబుసం విడిచే ముందు కళ్లు నీలిరంగుకు మారి పాముకు చూపు మందగిస్తుంది. అప్పుడు ఆహారం ముట్టకపోవడం, చిరాకుపడటం సహజం. దీనిని జబ్బుగా భావించనక్కర్లేదు. బాల్ పైథాన్ భయపడితే బంతిలా చుట్టుకుంటుంది కనుక అది స్థిమితపడిన తరువాతనే పరిశీలించాలి.

కారణాలు అనేకం
అన్నింటికన్నా ప్రమాదకరమైనది బోవాలు, కొండచిలువల్లో వచ్చే 'ఇన్‌క్లూజన్ బాడీ' వ్యాధి. 1970ల నుంచే పశువైద్యులకు ఇది తెలిసినా, దీనికి మూలమని భావిస్తున్న వైరస్ వర్గాన్ని అమెరికా శాస్త్రవేత్తలు 2012లో గుర్తించారు. దానికే ఇప్పుడు రెప్టరీనా వైరస్ అని పేరు. కొండచిలువల్లో వ్యాధి వేగంగా ముదురుతుంది. బోవాలు మాత్రం నెలలు, ఏళ్ల తరబడి పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే ఇతర పాములకు వ్యాధిని అంటించగలవు. పొలుసుల సందుల్లో చేరి రక్తం పీల్చే నల్లని మైట్ పురుగులు దీనిని మోస్తాయని అనుమానం. దీనికి మందు లేదు. మనుషులకు సోకినట్లు ఆధారాలూ లేవు. మరో రకమైన ఫెర్లా వైరస్ తొలుత ఊపిరితిత్తులను, ఆపై నరాలను దెబ్బతీస్తుంది.

జబ్బులన్నీ వైరస్‌ల వల్లనే రావు. పాముకు చెమట పట్టదు. మండువేసవిలో రేకుల గదిలో, ఎండ తగిలే గాజుపెట్టెలో ఉంచితే వడదెబ్బతో మెదడు దెబ్బతింటుంది. మైట్లను వదిలించాలని కుక్కలకు వాడే మందు పూసినా, బొద్దింకల మందును, దోమల మందును పెట్టె దగ్గర చల్లినా విషప్రభావంతో వణుకు, మూర్ఛ రావచ్చు. చేపలు తినే జాతులకు నిల్వ చేసిన పచ్చి చేపలే పెడుతుంటే బి1 విటమిన్ లోపం ఏర్పడుతుంది. దీనిని తొలిదశలో గుర్తిస్తే నయం చేయవచ్చు. 'స్పైడర్' రకం బాల్ పైథాన్లలో తల ఊగడం పుట్టుకతో వచ్చే జన్యులోపం. అది అంటువ్యాధి కాదు గాని, అటువంటి పాములతో పిల్లలు చేయించకపోవడమే మేలు.

వెంటనే ఏం చేయాలి?
లక్షణాలు కనిపించిన పామును ఇతర పాముల నుంచి వేరుచేయాలి. నీటి గిన్నె, పట్టుకునే కర్ర, చేతి తొడుగులు కూడా విడిగా ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న పాముల పని ముగించాకే జబ్బుపడిన దాని దగ్గరకు వెళ్లాలి. పెట్టెలో ఉష్ణోగ్రతను చూసుకొని, వేడి ఎక్కువైతే నీడకు మార్చాలి. మంచునీరు పోయరాదు. మందు తగిలిందనుకుంటే పెట్టెను మార్చి గాలి తగిలేలా చూడాలి. నీటి గిన్నెలో తల పడి మునిగిపోయే ప్రమాదం ఉంది కనుక లోతులేని పాత్రనే వాడాలి. బలవంతంగా ఆహారం పెట్టరాదు.

పాము కదలికలను సెల్‌ఫోన్‌లో చిత్రీకరించి పశువైద్యుడికి చూపితే నిర్ధారణ సులువవుతుంది. చివరిగా ఎప్పుడు తిన్నది, ఏ మందు వాడినది, కొత్త పాము ఏదైనా ఇంటికి వచ్చిందా అన్న వివరాలు రాసుకొని వెళ్లాలి. అందరు పశువైద్యులకూ సరీసృపాల వైద్యంలో అనుభవం ఉండదు కనుక ముందుగా వాకబు చేయడం మంచిది. శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల పొరుగున విజయనగరం జిల్లా గరివిడిలో ఉంది. అక్కడి అధ్యాపకుల సలహా కోరవచ్చు. కొత్తగా తెచ్చిన పామును కనీసం మూడు నెలలు విడిగా ఉంచడం ఉత్తమ నివారణ.

అడవిలో వదిలితే ముప్పే
జబ్బుపడిన విదేశీ పామును కంబాలకొండలోనో, మేహాద్రిగెడ్డ పరిసరాల్లోనో వదిలివేయడం ఎంతమాత్రం తగదు. దాని ఒంటిమీది వైరస్‌లు, మైట్లు మన కొండచిలువలకు అంటుకుంటే అడవిలో అదుపు చేయడం ఎవరి తరమూ కాదు. పెంచలేని పరిస్థితి వస్తే అటవీశాఖ అధికారులకు తెలపాలి. పాము చనిపోయినా నమోదు వివరాల్లో ఆ విషయం చేర్చాలి. శవపరీక్ష చేయిస్తే మిగిలిన పాములనైనా కాపాడుకోవచ్చు.

బయట కనిపిస్తే..
వీధిలోనో, పెరట్లోనో తూలుతున్న పాము కనిపిస్తే అది దెబ్బతిన్నదో, పురుగుమందు తగిలిందో అయి ఉండవచ్చు. జాలిపడి చేతితో తాకరాదు. నరాల పట్టు తప్పినా విషపు కోరలు పనిచేస్తూనే ఉంటాయి. చచ్చిందనుకున్న పాము సైతం కాటు వేయగలదు. పిల్లలను దూరంగా ఉంచి అటవీశాఖకు గాని, శిక్షణ పొందిన పాములు పట్టేవారికి గాని కబురు చేయాలి. కాటు పడితే నాటువైద్యంతో కాలయాపన చేయక, 108కు ఫోన్ చేసి కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రికి తక్షణం చేరుకోవాలి.