ఆ ప్రవచనాలు ఎక్కడ పుట్టాయి?

మీకు ఒక పాత ఉత్తరం దొరికిందనుకోండి. దాని మీద సంతకం లేదు, ఊరి పేరూ లేదు. అది ఎక్కడ రాసిందో ఎలా కనిపెడతారు? బైబిలులోని యెషయా గ్రంథం విషయంలో పండితులకు ఎదురైన చిక్కు ఇలాంటిదే.

యెషయా ప్రవక్త క్రీ.పూ. 8వ శతాబ్దంలో యెరూషలేములో జీవించాడు. అయితే ఈ గ్రంథంలో 40 నుంచి 55 వరకు గల అధ్యాయాలు పారశీక రాజు సైరస్‌ను (తెలుగు బైబిలులో కోరెషు) పేరుతో ప్రస్తావిస్తాయి. అతను బాబిలోన్‌ను జయించింది క్రీ.పూ. 539లో! అందుకే ఇవి 6వ శతాబ్దపు మరో కవి రచనలని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. గ్రంథమంతా యెషయాదేనని నమ్మేవారూ ఉన్నారు.

క్రీ.పూ. 586 ప్రాంతంలో బాబిలోనియా సైన్యం యెరూషలేమును ధ్వంసం చేసి, ఎందరినో చెరపట్టుకుపోయింది. మరి ఆ కవి చెరలో ఉన్నవాడా? స్వదేశంలో మిగిలినవాడా?

బాబిలోన్‌లోనే అనేవారి ఆధారాలు ముందు చూద్దాం. అక్కడి దేవతలైన బేలు, నెబోల పేర్లు ఈ అధ్యాయాల్లో ఉన్నాయి. దేవుడు సైరస్ కుడిచేయి పట్టుకున్నాడని కవి అంటాడు. 1879లో బాబిలోన్ శిథిలాల్లో దొరికిన సైరస్ మట్టి స్తూపం కూడా మర్దుక్ దేవుడు అతని చేయి పట్టుకున్నాడనే చెబుతుంది.

ఇక రెండో పక్షం. కవి ప్రవాసులను 'అక్కడి నుంచి' బయలుదేరమంటాడు. 'ఇక్కడి నుంచి' అనడు. దేవదారు, తుమ్మ వంటి చెట్లను పేర్కొంటాడు గాని, బాబిలోనియా అంతటా కనిపించే ఖర్జూరం ఊసెత్తడు. యూదా దేశం నిర్మానుష్యం కాలేదనీ, ఈ రచన అక్కడే పుట్టి ఉండవచ్చనీ నార్వే పండితుడు హాన్స్ బార్‌స్టాడ్ 1997లో వాదించాడు.

ఏ ఆధారమూ తిరుగులేనిది కాదు. ప్రవాసి తన ఊరి చెట్లనే తలచుకోవచ్చు. అలాగే రాజుల ప్రకటనలు దూరదేశాలకూ చేరేవి. పారశీక రాజు డేరియస్ బెహిస్తూన్ కొండపై చెక్కించిన శాసనానికి అరామిక్ ప్రతి ఈజిప్టులో దొరికింది!

ఈ వాదన ఒక్క ఊరి పేరు గురించే కాదు. కవి యూదాలోనే ఉంటే, చరిత్ర మరచిపోయిన అక్కడి బీద రైతుల మధ్య ఒక గొప్ప గొంతు పలికిందన్నమాట. కనుక మీరు ఏ ప్రాచీన రచన చదివినా ఈ ప్రశ్న వేసుకోండి: ఇందులోని సంగతి అక్కడ ఉన్నవారికే తెలుస్తుందా? దూరం నుంచి విన్నవారికీ తెలుస్తుందా?