అమెరికా నగరాల్లో లోడింగ్ జోన్, వ్యాలెట్ పార్కింగ్ పర్మిట్లు: చరిత్ర

దుకాణం, హోటలు, ఆసుపత్రి వంటి వాటి ముందు కాలిబాటను ఆనుకొని ఉండే రోడ్డు అంచులో సరుకు దించుకోవడానికో, మనుషులు ఎక్కి దిగడానికో, వచ్చినవారి కార్లను పనివాళ్లు అందుకొని వేరేచోట నిలపడానికో నగర ప్రభుత్వాలు ఇచ్చే అనుమతులివి. రుసుము కట్టేది దరఖాస్తుదారుడే అయినా ఆ స్థలం అతని సొంతం కాదు. సాధారణంగా నియమం పాటించే ఏ బండి అయినా ఆ జోన్‌లో ఆగవచ్చు. డబ్బు కట్టాం కదా, పక్క కొట్టువాడి వ్యాను ఇక్కడెందుకు ఆగింది అని నిలదీసే వ్యాపారికి చట్టం వైపు నుంచి ఆసరా దొరకదు. వీధి అందరిదీ అయినప్పుడు అందులో కొంత భాగాన్ని ఒకరి అవసరానికి ఎంతవరకు ఇవ్వవచ్చు అన్న పాత వివాదం నుంచే ఈ పర్మిట్ల వ్యవస్థ పుట్టింది.

ఆ వివాదం మోటారు వాహనాల కంటే ముందుది. ఇంగ్లండ్‌లో 1805 నాటి రెక్స్ వర్సెస్ రసెల్ కేసులో ఒక సరుకు రవాణాదారు తన గిడ్డంగి ముందు వీధిలోనే బండ్లు నిలిపి, గంటల తరబడి సరుకు ఎక్కించి దించేవాడు. అది ప్రజలకు ఆటంకం కలిగించే నేరమేనని కోర్టు తేల్చింది. 1812లో రెక్స్ వర్సెస్ క్రాస్ కేసు వచ్చింది. లండన్ చేరింగ్ క్రాస్ దగ్గర ప్రయాణికుల కోసం గుర్రపు బండ్లను వీధిలో ఆపి ఉంచడం కూడా నేరమేనని అందులో తీర్పు. ప్రయాణికుణ్ణి దించడానికి కాసేపు ఆగవచ్చు, వీధిని బండ్ల కొట్టంగా వాడుకోకూడదు అన్నది న్యాయమూర్తి ఎలెన్‌బరో వాదన సారాంశం. ఈనాటి లోడింగ్ జోన్ నిబంధనల్లోనూ ఉన్నది ఇదే.

అమెరికాలో అనుమతి పత్రాల గురించి కోర్టు గట్టిగా మాట్లాడింది 1889లో. న్యూయార్క్ నగరం రుసుము తీసుకొని, ఒక కిరాణా వ్యాపారి తన కొట్టు ముందు వీధిలో బండి నిలుపుకోవడానికి అనుమతి ఇచ్చింది. గుర్రాన్ని కట్టే కర్రలను పైకెత్తి తాడుతో కట్టి ఉంచారు. దారిన పోయే మరో బండి తగిలి తాడు తెగడంతో అవి ఒక బాటసారి మీద పడ్డాయి, అతను చనిపోయాడు. కోహెన్ కేసుగా పేరుపడిన ఈ దావాలో నష్టపరిహారం బాధ్యత నగరానిదేనని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. వీధిని అలా వాడుకోనిచ్చే అధికారమే నగరానికి లేదనీ, డబ్బు తీసుకొని ఇచ్చింది కాబట్టి తప్పులో భాగస్వామి అయిందనీ కోర్టు భావించింది. ఈ నేపథ్యం తెలిస్తే నేటి పర్మిట్ ఫారాల్లో బీమా పత్రం, నగరానికి నష్టం రానివ్వబోమన్న హామీ ఎందుకు అడుగుతారో సులభంగా అర్థమవుతుంది.

కార్లు వచ్చాక రోడ్డు అంచుకు గిరాకీ పెరిగిపోయింది. లాస్ ఏంజెలెస్ 1920 ఏప్రిల్‌లో వ్యాపార కేంద్రంలో పగటిపూట పార్కింగ్‌ను దాదాపుగా నిషేధించింది. వ్యాపారులు లబోదిబోమన్నారు. సినీతార క్లారా కింబాల్ యంగ్ నిరసనగా కార్ల ఊరేగింపు నడిపించింది. నిషేధం నెల కూడా నిలవలేదు. దాన్ని సడలించి, రద్దీ వేళలకే కఠినంగా పరిమితం చేశారు. 1928లో వాణిజ్య మంత్రి హెర్బర్ట్ హూవర్ పిలిపించిన జాతీయ సదస్సు తరఫున నగరాల కోసం నమూనా ట్రాఫిక్ చట్టం వెలువడింది. ఇలాంటి నమూనాల కూర్పుల నుంచి నగరాలు అక్షరం మార్చకుండా ఎత్తి రాసుకోవడం వల్లే ఈనాటికీ ఎన్నో ఊళ్ల చట్టాల్లో ఒకే నిబంధన కనిపిస్తుంది: ఎవరైనా తమ కోసం లోడింగ్ జోన్ కోరితే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి, జోన్ రెండు చివరలా పెట్టే రెండు బోర్డుల కోసం ఏటా రుసుము కట్టాలి, పర్మిట్ ఏడాదికి ముగుస్తుంది, బోర్డులు పోతే ఖర్చు భరించాలి. మనుషులు దిగడానికి 3 నిమిషాలు, సరుకుకు 30 నిమిషాలు అన్న గడువులూ అందులోవే. ఒక్క ఏడాది గడువు పెట్టడం తెలివైన పని. దానివల్ల స్థలం వారసత్వ ఆస్తిలా పాతుకుపోదు.

1935 జులై 16న ఓక్లహోమా సిటీలో తొలి పార్కింగ్ మీటరు పనిచేయడం మొదలుపెట్టింది. దాని వెనుక ఉన్నది పత్రికా సంపాదకుడు కార్ల్ మెగీ. రోడ్డు అంచుకు గంటల లెక్కన ధర వచ్చాక, లోడింగ్ జోన్ అంటే మీటరు ఆదాయం వదులుకోవడమే అయింది. కాలిఫోర్నియా మాత్రం అంచుకు రంగులు పూయించింది: ఎరుపు ఆగరాదు, పసుపు సరుకుకూ ప్రయాణికులకూ, తెలుపు మనుషులు ఎక్కి దిగడానికి, ఆకుపచ్చ కొద్దిసేపు పార్కింగుకు, నీలం వికలాంగులకు. తెలుపు రంగు దగ్గర పోస్టుడబ్బాలో ఉత్తరం వేయడానికి ఆగినా రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుంది.

వ్యాలెట్ వ్యాపారానికి పుట్టినిల్లు దక్షిణ కాలిఫోర్నియా అనే చెప్పుకుంటారు. లా సియెనెగా వీధిలోని లారీస్ రెస్టారెంటులో కార్లు నిలిపిన హెర్బ్ సిట్రిన్ 1946లో వ్యాలెట్ పార్కింగ్ సర్వీస్ అనే సంస్థ పెట్టాడు. దీనికి లోడింగ్ జోన్‌కు లేని చిక్కు ఒకటుంది. తీసుకున్న కారు ఎక్కడికి వెళ్తుంది? అద్దె మిగుల్చుకోవడానికి నిర్వాహకులు వాటిని పక్క వీధుల్లో వదలడం ఇరుగుపొరుగు వారి పాత ఫిర్యాదు. అందుకే నగరాలు వీధి బయట స్థలం ఒప్పుకున్నట్టు కాగితం, కారు వెళ్లే దారి పటం, బీమా అడుగుతాయి. లాస్ ఏంజెలెస్‌లో నిర్వాహకుడి పర్మిట్ పోలీస్ కమిషన్ ఇస్తుంది, జోన్ వ్యవహారం రవాణా శాఖది. అలా ఒకే పనికి రెండు గుమ్మాలు ఎక్కాల్సి వస్తుంది.

షికాగో కథ మరీ విచిత్రం. అక్కడ ఒక్కో లోడింగ్ జోన్‌కూ వార్డు ప్రతినిధి నగర సభలో ఆర్డినెన్స్ ప్రవేశపెట్టించే ఆనవాయితీ ఉండేది, కాబట్టి పర్మిట్ సగం రాజకీయమే. దానికి తోడు 2008లో నగరం దాదాపు 36,000 మీటర్లను 75 ఏళ్ల లీజుకు ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చి 115 కోట్ల డాలర్లు పుచ్చుకుంది. ఆ ఒప్పందం ప్రకారం మీటరున్న స్థలాన్ని తీసేస్తే నగరం పరిహారం చెల్లించాలి, లేదా మరోచోట స్థలం చూపాలి. తన వీధిలో తానే జోన్ గీసుకోవడానికి నగరం లెక్క అప్పజెప్పాల్సిన పరిస్థితి వచ్చింది. న్యూయార్క్‌లో డెలివరీ కంపెనీలు డబుల్ పార్కింగ్ (నిలిపి ఉన్న బండి పక్కనే రోడ్డు మీద మరో బండి ఆపడం) చలానాలను వ్యాపార ఖర్చులో రాసుకున్నాయి. 2000ల దశకంలో నగరం వాటితో ఒప్పందాలు కుదుర్చుకుంది: కోర్టులో వాదించకుండా ముందే తగ్గించిన జరిమానా కడితే చాలు. జరిమానాయే పర్మిట్‌గా మారింది అనడం అతిశయోక్తి కాదు.

అంచుకు సరైన ధర పెడితే ప్రతి వీధిలో ఒకటి రెండు ఖాళీలు మిగులుతాయన్న నగర ప్రణాళికా ఆచార్యుడు డొనాల్డ్ షూప్ వాదన 2005లో వచ్చిన ఆయన పుస్తకంతో నగరాలకు చేరింది. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కో గిరాకీని బట్టి మీటరు ధరలు మార్చే ప్రయోగం మొదలుపెట్టింది. యాప్ ట్యాక్సీలు, పార్శిళ్లు పెరిగాక ప్రయాణికుల జోన్లకూ పోటీ తీవ్రమైంది. 2019లో ఒహాయోలోని కొలంబస్ కొన్ని జోన్లను యాప్ ద్వారా ముందే కేటాయించి చూసింది. 2020లో కోవిడ్ వచ్చేసరికి పార్శిల్ తీసుకెళ్లేవారి బండ్లకు తాత్కాలిక జోన్లు వెలిశాయి, రెస్టారెంట్లు బల్లలు వీధిలోకి తెచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కో 2021లో ఆ వీధి బల్లల ఏర్పాటును శాశ్వతం చేసింది. న్యూయార్క్ 2023 చట్టంతో రోడ్డు మీది బల్లలకు ఏప్రిల్ 1 నుంచి నవంబరు 29 వరకే అనుమతి ఇస్తోంది. మిగతా నెలల్లో ఆ స్థలం మళ్లీ బండ్లదే.