మెరక మట్టి కథ

ప్రత్యేక సంచికకు మన ఊరి పరిశ్రమల చరిత్ర గురించి ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. ఓడల గురించి, కొలుముల గురించి రాయడానికి నాకంటే సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. ఒక కర్మాగారం ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి గనుక నేను మన కాళ్ల కింది మట్టి గురించి రాస్తాను.

విశాఖ లోపలి రేవు పుట్టిందే చిత్తడి నేలలో. మేహాద్రిగెడ్డ సముద్రాన్ని చేరే చోట బురద తవ్వి కట్టిన రేవు 1933లో ప్రారంభమైంది. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా వారి నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1957లో కాల్టెక్స్ చమురుశుద్ధి, 1967లో కోరమాండల్ ఎరువులు, 1977లో మింది దగ్గర హిందుస్థాన్ జింక్ వచ్చాయి. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, నడుమ పళ్లెంలాంటి పల్లం. ఇవన్నీ ఆ పల్లంలోనే వెలిశాయి. వాటిని నమ్ముకుని వచ్చిన మనమూ అక్కడే ఇళ్లు కట్టుకున్నాం.

పల్లానికి మెరక కావాలి గదా! 1983లో గాజువాక దగ్గర నేను కొన్న స్థలం నడుములోతు గొయ్యి. "ఫ్యాక్టరీ మట్టి సార్, కిరాయి ఇస్తే చాలు" అన్నాడు ట్రాక్టరు అతను. ఏ ఫ్యాక్టరీదని నేను అడగలేదు. నల్లగా ఉంది, మధ్యలో గాజుపెంకుల్లా మెరిసే ముక్కలు. రసాయనశాస్త్రం చదువుకున్న నేను ఒక్క చెంచాడు మట్టి కూడా పరీక్షకు తీసుకువెళ్లలేదు. దానిమీద జానెడు ఎర్రమట్టి పోయించాను. మా ఇంటావిడ తోటకూర, పాలకూర వేసింది. పిల్లలు అక్కడే ఆడుకున్నారు.

జింకు ఖనిజంలో సాధారణంగా కాడ్మియం, సీసం కొద్దికొద్దిగా కలిసి ఉంటాయి. జింకు తీశాక మిగిలిన మడ్డిలో, కొలిమి ధూళిలో అవి చేరతాయి. పొగ గాలికి పోతుంది. సీసం మాత్రం పైమట్టిని పట్టుకుని తరతరాలు ఉండిపోతుంది. మట్టిచేతులు నోట్లో పెట్టుకునే పసివాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాడ్మియం వేళ్ల ద్వారా ఆకుకూరల్లోకి ఎక్కుతుంది. అలా ఎక్కినది ఎంత కడిగినా పోదు. మన మూత్రపిండాల్లో చేరి ఏళ్ల తరబడి నిలుస్తుంది.

దీనికి జపాన్ పెద్ద మూల్యం చెల్లించింది. తొయామా ప్రాంతంలో కమియోకా జింకు గనుల మురుగు జింజు నదిలో కలిసి వరిపొలాలకు పారింది. ఆ అన్నం తిన్నవారికి ఎముకలు పెళుసుబారి విరిగేవి. రోగులు "ఇతాయి, ఇతాయి" అని ఏడ్చేవారు. "నొప్పి, నొప్పి" అని అర్థం. ఆ జబ్బుకు అదే పేరయింది. కారణం కాడ్మియమేనని 1968లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ పొలాల మట్టిని బాగుచేసే పని ముప్పై ఏళ్లకు పైగా సాగి 2012లో ముగిసింది. సరిగ్గా ఆ ఏడాదే మన మింది జింకు కర్మాగారం మూతపడింది.

మన దేశంలో ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు 1989లో వచ్చాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన ప్రాంతాలను గుర్తించినప్పుడు వాటిలో విశాఖ కూడా ఉంది.

నాలుగేళ్ల కిందట మా మనవరాలు పెరటి మట్టితో పిడతలు చేస్తుంటే నా గుండె జారింది. అప్పుడు పరీక్ష చేయించాను. సీసం ఉండవలసినదానికంటే బాగా ఎక్కువ ఉంది. "అయితే ఇన్నేళ్లూ పిల్లలకు నేను పెట్టిన కూర ఇదా అండీ?" అంది మా ఇంటావిడ. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు అక్కడ గచ్చు చేయించాం. కూరలు కొత్త మట్టి పోసిన తొట్లలో పెంచుతున్నాం. రైతులకు చేసే మామూలు మట్టిపరీక్షలో ఈ లోహాల సంగతి తెలియదు, విడిగా అడిగి చేయించుకోవాలి. సున్నం, పశువుల ఎరువు వేస్తే మొక్కకు ఎక్కే కాడ్మియం తగ్గుతుందేగాని, మట్టిలోది పోదు.

మిత్రులకు ఒక మనవి. ఏ గొయ్యి ఎక్కడ ఉండేదో, దాన్ని దేనితో పూడ్చారో మనలో కొందరికే తెలుసు. మన తరువాత ఆ సంగతి చెప్పేవారుండరు. ఆ చోటు, సంవత్సరం, పోసిన పదార్థం ఒక తెల్లకాగితం మీద రాసి సంఘం కార్యాలయంలో ఇవ్వండి. అన్నీ కలిపి కాలుష్య నియంత్రణ మండలికి అందజేద్దాం. మొదటి కాగితం నా పెరటిదే. ఇచ్చేశాను.