గ్రీన్ బే ప్యాకర్స్ - లాంబో ఫీల్డ్

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లక్ష పైచిలుకు జనాభా ఉన్న చిన్న నగరం గ్రీన్ బే. అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్యాకర్స్‌కు కోటీశ్వరుడైన యజమాని లేడు. 1923 నుంచి జట్టు వాటాదారులైన అభిమానులదే. ఆ వాటాలపై పైసా లాభం రాదు.

1919లో కర్లీ లాంబో, జార్జ్ కాల్హూన్ ఈ జట్టును స్థాపించారు. జెర్సీలకు డబ్బిచ్చిన మాంసం ప్యాకింగ్ కంపెనీ వల్లే ప్యాకర్స్ అనే పేరు వచ్చింది.

1957లో ప్రారంభమైన, ప్యాకర్స్ ఆడే సిటీ స్టేడియానికి, లాంబో మరణించాక 1965లో ఆయన పేరు పెట్టారు. ఆ మైదానం అసలైన పరీక్ష ఎదుర్కొన్నది 1967 డిసెంబరు 31 నాటి మ్యాచ్‌లో. మైనస్ 25 డిగ్రీల చలి. నేలను వెచ్చబరిచే ఏర్పాటు పనిచేయలేదు, రెఫరీల ఈలలు గడ్డకట్టాయి. చివరి క్షణాల్లో ప్యాకర్స్ ఆటగాడు బార్ట్ స్టార్ తానే బంతితో గోల్ గీత దాటి, డాలస్ కౌబాయ్స్‌పై 21-17తో జట్టును గెలిపించాడు. రెండు వారాలకు విన్స్ లొంబార్డీ శిక్షణలోని ఈ జట్టే రెండో సూపర్ బౌల్ కూడా గెలుచుకుంది.