సెర్టోలి కణం

వృషణంలో శుక్రకణాలను పెంచి పోషించే కణాన్ని సెర్టోలి కణం అంటారు. ఒక్కో వృషణంలో చుట్టలు చుట్టుకున్న సన్నని నాళికలు వందల్లో ఉంటాయి. వాటి గోడకు ఆనుకుని, లోపలి బోలు దాకా సాగిన పొడవాటి కణం ఇది. మూలకణంగా మొదలైన బీజకణం తోకతో ఈదగల శుక్రకణం అయ్యేదాకా దీని ఒడిలోనే పెరుగుతుంది. అందుకు సుమారు 74 రోజులు పడుతుంది. మగవారిలో సంతానలేమి ఎందుకొస్తుందో తెలియాలంటే ముందు ఈ కణం సంగతి తెలియాలి.

ఇటలీలోని సోండ్రియోలో 1842లో పుట్టిన ఎన్రికో సెర్టోలి దీన్ని తొలిసారి వివరించాడు. పావియాలో వైద్యం చదువుతూ మనిషి వృషణాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. నాళికల్లో కొమ్మలు చాచిన కణాలు ఉన్నాయని 1865లో ప్రకటించాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్ళు.

పిండంలో తొలి అడుగు

ఆరో వారం వరకూ మానవ పిండంలోని బీజగ్రంథికి ఆడా మగా తేడా ఉండదు. అది అండాశయమూ కావచ్చు, వృషణమూ కావచ్చు. వై క్రోమోజోమ్ మీదున్న ఎస్ఆర్‌వై జన్యువు అక్కడి కొన్ని కణాల్లో మేల్కొని, సాక్స్9 అనే మరో జన్యువును లేపుతుంది. ఆ కణాలే సెర్టోలి కణాలవుతాయి. పచ్చసొన సంచి గోడ నుంచి పాకుతూ వచ్చిన బీజకణాలను చుట్టుముట్టి బారులు తీరుతాయి. ఆపైన యాంటీ ముల్లేరియన్ హార్మోన్‌ను విడుదల చేసి, గర్భాశయంగా ఎదగాల్సిన నాళాలను కరిగించేస్తాయి. బారుల వెలుపల లైడిగ్ కణాలు ఏర్పడి టెస్టోస్టెరాన్ తయారీకి దిగుతాయి.

ఎస్ఆర్‌వై జన్యువును లండన్‌లో పీటర్ గుడ్‌ఫెలో, రాబిన్ లవెల్‌బ్యాడ్జ్ బృందాలు 1990లో గుర్తించాయి. మరుసటి ఏడు రెండు ఎక్స్ క్రోమోజోములున్న చిట్టెలుక పిండంలో ఆ జన్యువును చేర్చి చూశారు. ఆడదిగా పుట్టాల్సిన చిట్టెలుక వృషణాలతో మగదిగా పెరిగింది. కానీ దానిలో శుక్రకణాలు పుట్టలేదు. వృషణం ఏర్పడటం వేరు, అది శుక్రకణాలను తయారుచేయడం వేరు అని ఆ ప్రయోగం తేటతెల్లం చేసింది.

బాల్యంలోనే తేలే లెక్క

ఒక సెర్టోలి కణం పరిమిత సంఖ్యలోనే బీజకణాలను పోషించగలదు. కాబట్టి ఇవి ఎన్ని ఉంటే శుక్రకణాల తయారీ అంత వరకే సాగుతుంది. గర్భంలో, పసితనంలో, యవ్వనారంభానికి ముందు ఇవి విభజన చెందుతాయి. పీయూష గ్రంథి నుంచి వచ్చే ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్ వాటిని ప్రోత్సహిస్తుంది, థైరాయిడ్ హార్మోన్ విభజనను ఆపి పరిణతి వైపు నడిపిస్తుంది. ఎలుక పిల్లల్లో పుట్టిన కొత్తలో థైరాయిడ్ హార్మోన్‌ను తగ్గిస్తే విభజన ఎక్కువ రోజులు సాగి, పెద్దయ్యాక వృషణాలు మామూలు కన్నా పెద్దవయ్యాయి. ఇరవై ఏళ్ళ యువకుడి సంతాన సామర్థ్యంలో చాలా భాగం అతని బాల్యంలోనే నిర్ణయమైపోతుంది.

యవ్వనంలో ఈ కణాలు మరో బాధ్యత తలకెత్తుకుంటాయి. శరీర రక్షణ వ్యవస్థ తనవారెవరో పరాయివారెవరో నేర్చుకునేది పసితనంలో. శుక్రకణాలు పుట్టేది ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు. వాటిని శత్రువులని పొరబడకుండా, పక్కపక్కనున్న సెర్టోలి కణాలు ఒకదాన్నొకటి బిగించి పట్టుకుని రక్తానికీ నాళిక లోపలి భాగానికీ మధ్య అడ్డుగోడ కడతాయి.

ఎక్కడ దెబ్బతింటుంది

తెలుగులో గొడ్రాలు అన్న నింద ఆడవారికే అంటుకుంది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. అయినా ఏళ్ళ తరబడి భార్యనే ఆస్పత్రుల చుట్టూ తిప్పే కుటుంబాలున్నాయి. వీర్య పరీక్ష సులువైనది, దాన్ని మొదటే చేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి ప్రమాణాల్లో మిల్లీలీటరుకు 1.6 కోట్ల శుక్రకణాలను కనీస సూచికగా చెప్పింది. నూటికి సుమారు ఒక మగవాడి వీర్యంలో అసలు శుక్రకణాలే కనిపించవు.

కారణాలు రకరకాలు. వృషణాలకు శరీర ఉష్ణోగ్రత కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీల చల్లదనం కావాలి. పుట్టిన బిడ్డకు వృషణం తన సంచిలోకి దిగకపోతే ఒంటి వేడికి బీజకణాలు నశిస్తాయి. అందుకే ఆరో నెల దాటాక, ఏడాదిన్నరలోపు శస్త్రచికిత్స చేయాలంటారు. యవ్వనం వచ్చాక గవదబిళ్ళలు సోకితే వృషణాలు వాచి నాళికలు దెబ్బతినవచ్చు. ఒక ఎక్స్ అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్‌లో యవ్వనారంభం నుంచి నాళికలు గట్టిపడిపోతాయి. చిట్టెలుక ప్రయోగంలో కనిపించిన చిక్కుకు ఇది దగ్గరి చుట్టం. కొందరిలో నాళికల నిండా సెర్టోలి కణాలే ఉంటాయి, పోషించడానికి బీజకణాలుండవు. కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకునే యువకుల్లో పీయూష గ్రంథి మౌనం వహించి, శుక్రకణాల తయారీ ఆగిపోతుంది. మందు మానేస్తే చాలామందిలో అది తిరిగి మొదలవుతుంది, అయితే నెలలు పడుతుంది.

వై క్రోమోజోమ్‌లో ముక్కలు రాలిపోవడం మరో కారణం. ఇటలీకి చెందిన టియెపోలో, జుఫార్డి 1976లో దీన్ని గుర్తించారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు శుక్రకణాలు లేని భారతీయ పురుషుల్లో ఇలాంటి లోపాలను పరిశీలించి 2003లో ఫలితాలు ప్రకటించారు. ఆ ముక్కలకు ఏజెడ్ఎఫ్ ఏ, బి, సి అని పేర్లు. ఏ గానీ బి గానీ పూర్తిగా లేకపోతే శుక్రకణాలు దొరికే ఆశ దాదాపు ఉండదు. సి మాత్రమే పోతే ఆశ ఉంటుంది. సూక్ష్మదర్శిని సాయంతో వృషణంలో వెతికితే, అక్కడక్కడా పని చేస్తున్న నాళికలు కనిపించవచ్చు. వాటిలో దొరికిన శుక్రకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించవచ్చు. ఇక్సీ అనే ఈ పద్ధతితో తొలి గర్భాలు నిలిచినట్టు బ్రస్సెల్స్ వైద్యులు 1992లో తెలిపారు. అలా పుట్టే మగబిడ్డకు తండ్రి వై క్రోమోజోమ్ ఆ లోపంతో సహా సంక్రమిస్తుంది. ఈ సంగతి చికిత్సకు ముందే భార్యాభర్తలిద్దరికీ వివరించడం వైద్యుల బాధ్యత.