మరుగు రంగులు, వేట తుపాకులు: యమునా తీరపు చరిత్ర

ఢిల్లీ నగరంలో యమునానదికి తూర్పు ఒడ్డున విస్తరించిన మయూర్ విహార్ నేడు సహకార గృహసముదాయాలతో, మెట్రో స్టేషన్లతో, గుడులతో, అంగళ్లతో నిండిన నివాసప్రాంతం. దక్షిణాది కుటుంబాలు ఇక్కడ చెప్పుకోదగిన సంఖ్యలో స్థిరపడ్డాయి. ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఈ కాలనీని రూపొందించక పూర్వం ఇది చిల్లా, కోట్లా, పట్పర్‌గంజ్ వంటి గ్రామాల పొలాలతోనూ, నది పొంగినపుడు మునిగి, తగ్గినపుడు రెల్లుగడ్డితో నిండే ‘ఖాదర్’ భూములతోనూ కూడిన ప్రదేశం. నెమలి పేరు పెట్టుకున్న ఈ నేలకు మరొక చరిత్ర కూడా ఉన్నది. మనిషి తన ఆయుధాన్ని, తన దేహాన్ని ఎదుటివాని కంటికి ఎలా చూపదలచాడు, ఎలా దాచదలచాడు అనే చరిత్ర అది.

1803 సెప్టెంబర్ 11న పట్పర్‌గంజ్ పరిసరాలలో జనరల్ లేక్ నాయకత్వంలోని ఈస్టిండియా కంపెనీ సేనకూ, ఫ్రెంచి అధికారి లూయీ బూర్కాఁ నడిపిన సింధియా సేనకూ యుద్ధం జరిగింది. సింధియా ఫిరంగులు ఎత్తైన గడ్డి చాటున నిలిచి ఉన్నాయి. కంపెనీ పదాతిదళం మాత్రం ఎర్రని కోట్లు ధరించి, తళతళలాడే తుపాకీ గొట్టాలతో, ఎవరికైనా కనిపించేటట్లుగా నడిచింది. లేక్ తన అశ్వికదళాన్ని వెనుకకు మళ్లించి, పారిపోతున్నట్లు నటింపజేసి, ప్రత్యర్థిని ఆ చాటునుండి బయటకు రప్పించి గెలిచాడు. ఆ యుద్ధానికి గుర్తుగా నిలిపిన స్తంభం ఇప్పుడు మయూర్ విహార్‌కు పొరుగున, నోయిడా గోల్ఫ్ మైదానంలో ఉన్నది. గడ్డి చాటు ఎంత గొప్పదైనా, దానిని విడిచి వచ్చినవానికి అది అక్కరకు రాలేదు. వేటగాళ్లకు ఈ సంగతి తరతరాలుగా తెలిసినదే.

అప్పటికి తుపాకీ దాచవలసిన వస్తువు కాదు, ప్రదర్శించవలసిన వస్తువు. మొగలాయి దర్బారులో ఈ ధోరణి పరాకాష్ఠకు చేరింది. అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో తుపాకుల కార్ఖానాకు ప్రత్యేకంగా చోటు కల్పించాడు. గొట్టాలను శుభ్రపరచడానికి అక్బరు ఒక చక్రాన్ని కనిపెట్టాడనీ, దానిని ఆవు తిప్పుతుండగా పదహారు గొట్టాలు ఒకేసారి శుభ్రపడేవనీ వ్రాశాడు. అక్బరు స్వంత తుపాకులలో ‘సంగ్రామ్’ అనేది మొదటిది. దానితో 1,019 జంతువులను వేటాడినట్లు లెక్క కట్టారు. 1568లో చిత్తోడ్ ముట్టడి సమయంలో జయమల్లుని కొట్టినది కూడా ఈ తుపాకీయే అని చరిత్రకారులు చెబుతారు. వేటకూ యుద్ధానికీ ఆయుధం ఒకటే అన్నమాట. ఆ కాలపు మేలిరకపు తుపాకులను బంగారు తీగెల పొదుగుడుతో, లక్క మీద వ్రాసిన పూలతీగెలతో అలంకరించేవారు. అడవికి పోయే వస్తువుపై అంత మెరుపు ఎందుకని ఆనాడు ఎవరూ ప్రశ్నించినట్లు కనబడదు.

అయితే వేటగాని దుస్తుల విషయంలో మొగలాయి చిత్రకారులు మరొక కథ చెబుతారు. దారా షికో నీల్గాయిలను వేటాడే దృశ్యాన్ని చూపే ప్రసిద్ధ చిత్రంలో రాకుమారుడూ అతని అనుచరులూ పచ్చని వస్త్రాలలో ప్రకృతిలో కలిసిపోయి ఉంటారు. మచ్చిక చేసిన నీల్గాయి ఒకటి ఎరగా నిలబడి ఉంటుంది. తెలుగు పాఠకునికి ఈ ఉపాయం కొత్త కాదు. మన కావ్యాలలో దీనికి ‘దీమము’ అని పేరు. దీమపులేడిని ముందుంచి అడవిలేడిని రప్పించడం బోయల వేటలో భాగం. పెద్దన స్వరోచి వేటను, ధూర్జటి తిన్నని బోయపల్లెను వర్ణించినపుడు వలలు, కుక్కలు, మాటులు, అరుపులు అన్నీ వచ్చాయి. చెంచులు, కోయలు తుపాకీ లేకుండానే, విల్లమ్ములతో, గాలివాటం చూసుకొని జంతువును సమీపించేవారు. గాలికి ఎదురుగా నడవడం, కదలక కూర్చోవడం, మంచెకు ఆకులు కట్టుకోవడం రంగులకన్నా ముందునుండీ ఉన్న మరుగు విద్యలు. వాటికి మించినవి నేటికీ లేవనే చెప్పాలి.

యమునకు పడమటి గట్టు కూడా వేటకు దూరమైనది కాదు. ఫిరోజ్ షా తుగ్లక్ (1351-1388) రిడ్జి మీద కట్టించిన మాల్చా మహల్, పీర్ గైబ్ వంటి వేట భవనాలు శిథిలరూపంలో ఇంకా ఉన్నాయి. జహంగీరు వేటాడిన పాలం నేడు విమానాశ్రయంగా మనకు తెలుసు. అదే రిడ్జి మీద 1857 వేసవిలో మరుగు రంగు తన మొదటి పెద్ద పరీక్షను ఎదుర్కొన్నది. హ్యారీ లమ్స్‌డెన్ 1846లో పెషావరులో సమకూర్చిన గైడ్స్ దళం మట్టిరంగు దుస్తులు ధరించేది. ‘ఖాక్’ అంటే పారశీకంలో ధూళి. ఖాకీ అంటే ధూళిరంగు. ఈ దళం మర్దాన్ నుండి ఢిల్లీకి 580 మైళ్లు ఇరవైరెండు రోజులలో నడిచి 1857 జూన్‌లో చేరింది. ఆ ఎండలో ఎర్రకోటుకన్నా ధూళిరంగే మేలని చూసిన ఇతర బ్రిటిష్ దళాలు తమ తెల్లని వస్త్రాలను మట్టితోనూ, టీ, కాఫీ డికాక్షన్లతోనూ, చేతికందిన మరేవైనా రంగులతోనూ ముంచి తీశాయి. అన్ని దళాలదీ ఒకే ఛాయ కాలేదు, కాబోదు కూడా. సిపాయి తన చేతులతో తానే వేసుకున్న ఆ రంగు నలభై ఏళ్లకు బ్రిటిష్ సామ్రాజ్యపు యుద్ధదుస్తుగా మారింది. పట్పర్‌గంజ్ ఎర్రకోటుకూ రిడ్జి మీది ఖాకీకీ మధ్య దూరం నదికి రెండు ఒడ్లు, యాభైనాలుగు సంవత్సరాలు.

తుపాకీ గొట్టం మెరుపు కూడా ఈ శతాబ్దంలోనే తగ్గింది. కమ్మరులు, తుపాకీ పనివారు దీనికి వాడిన పద్ధతి చిత్రమైనది. గొట్టానికి జిడ్డు లేకుండా తుడిచి, ఆమ్లద్రావణం పూసి, పలుచగా తుప్పు పట్టనిస్తారు. ఆ తుప్పును గట్టి కుంచెతో రుద్ది, మళ్లీ పూస్తారు. ఇలా కొన్ని రోజులు చేసి, మరిగిన నీటితో కడిగి, నూనె పట్టిస్తే గోధుమరంగు పొర నిలుస్తుంది. అదుపులో పెట్టిన తుప్పు అదుపులేని తుప్పును ఆపుతుంది, ఎండకు మెరవదు. వేటగానికి రెండు లాభాలూ కావాలి. జింకను బెదిరించేది తుపాకీ రంగు కాదు, దాని మీద ఎండ చేసే తళుకు.

ఇంగ్లీషులో ‘స్నైపర్’ అనే మాట కూడా ఈ దేశపు బురదనేలలలో పుట్టినదే. స్నైప్ అనే పక్షి గడ్డిలో ఇమిడిపోయే చారల రంగుతో, ఎగిరినపుడు వంకరటింకర పోకతో, కొట్టడానికి కష్టమైనది. దానిని వేటాడే నేర్పరులను గురించి 18వ శతాబ్దంలో భారతదేశంలోని ఆంగ్ల అధికారులు లేఖలలో వ్రాశారు. క్రమంగా ఆ మాట చాటునుండి గురిచూసే సైనికునికి అన్వయించింది. దాక్కునే పక్షి పేరు దాక్కునే మనిషికి వచ్చింది.

‘కామోఫ్లాజ్’ అనే ఫ్రెంచి మాట ప్రపంచమంతటా వ్యాపించింది మాత్రం మొదటి ప్రపంచయుద్ధంలో. 1915లో ఫ్రెంచి సైన్యం చిత్రకారులతో ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచి ఫిరంగులకు రంగులు వేయించింది. అమెరికన్ చిత్రకారుడు ఎబట్ థేయర్ 1909లోనే జంతువుల మరుగు రంగులపై గ్రంథం ప్రచురించి ఉన్నాడు. ప్రాణి చుట్టుగీత చెడితే కన్ను దానిని గుర్తించలేదన్నది ఇందులోని మూలసూత్రం. స్కాట్లండు జింకల వేటలో పనిచేసిన సేవకులు ధరించే గుడ్డపీలికల ముసుగు సైన్యానికి చేరినదీ ఈ దారినే. తుపాకీకి గోనెపీలికలు చుట్టడం, దానిమీద రంగు చల్లడం ఇలా మొదలైంది. 1949లో అమెరికాలో ఎడ్వర్డ్ సీమోర్ పీచికారీ రంగు డబ్బాను తయారుచేసిన తరువాత, పాశ్చాత్య దేశాల వేటగాడు ఇంటి పెరట్లోనే ఈ పని చేసుకోగలిగాడు.

ఆ విధానం కష్టమైనది కాదు. తూటా తీసివేసి, తుపాకీ ఖాళీగా ఉన్నదని రూఢి చేసుకోవడం ప్రథమ కర్తవ్యం. జిడ్డును పూర్తిగా తుడిచి, గొట్టపు మూతిని, దుర్భిణి అద్దాలను, ట్రిగ్గరును, కదిలే భాగాలను అంటుపట్టీతో మూస్తారు. మొదట లేతరంగు, మెరుపు లేనిది, పలుచగా పొరమీద పొరగా వేస్తారు. ఆరిన తరువాత ఆ ప్రాంతపు గడ్డిపరకలనో, ఫెర్న్ ఆకునో, పాత వలగుడ్డనో అడ్డుపెట్టి ముదురురంగు చల్లుతారు. ఆకు తీస్తే దాని నీడ తుపాకీ మీద మిగులుతుంది. బజారులో దొరికే అచ్చుకన్నా వేటకు పోయే అడవిలోని ఆకే మంచి అచ్చు. రంగులు మూడు మించితే దూరానికి అన్నీ కలిసి ఒకే నల్లమచ్చగా కనబడతాయి. ఈ తప్పు చేసేవారే ఎక్కువ.

ఇంత శ్రమ ఎవరి కంటికోసం? జింకజాతి కన్ను ఎరుపును ఆకుపచ్చనుండి వేరుచేయలేదు. పులి చర్మపు నారింజరంగు మనకు మండే నిప్పు, లేడికి పచ్చగడ్డి. కనుకనే పలుదేశాలలో వేటగాళ్లు ఒకరినొకరు కాల్చుకోకుండా నారింజరంగు చొక్కాలు వేసుకుంటారు, లేడి బెదరదు. పక్షుల సంగతి వేరు, వాటి వర్ణదృష్టి మనకన్నా మిన్న. జింకకోసం తుపాకీకి ఆకులు దిద్దడంలో ప్రయోజనంకన్నా సరదాయే హెచ్చు అనడం అన్యాయం కాదు.

భారతదేశంలో ఈ అలవాటు వేళ్లూనక పోవడానికి కారణం స్పష్టం. 1878 ఆయుధాల చట్టం తుపాకీని లైసెన్సుకు కట్టిపడవేసింది. నల్లమలలో, గోదావరి ఏజెన్సీలో మిగిలిన భర్మార్ తుపాకీకి రంగు హంగులు లేవు. 1959 చట్టం తుపాకీ మీది పేరు, సంఖ్య, గుర్తులను చెరపడం, మార్చడం నిషేధించింది. అన్నిటికీ మించి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట అనేదే నేరమైంది. అప్పటికే నష్టం చాలా జరిగింది. 1947లో కొరియా సంస్థానంలో మూడు చీతాలను కాల్చారు, 1952లో చీతా దేశంలో అంతరించినట్లు ప్రకటించారు. ఆఫ్రికా చీతాలు కూనో అడవికి వచ్చింది 2022 సెప్టెంబర్ 17న.

తెలుగునాట ఈ మార్పుకు మంచి ఉదాహరణ హైదరాబాదులోని వనస్థలిపురం. నిజాముల వేటమైదానమైన ఆ ప్రదేశం 1975లో మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా మహావీర్ హరిణ వనస్థలి అయింది. అక్కడ మేసే కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు. మరొకటి కడప జిల్లా లంకమల కొండల కలివికోడి. ఎన్నో దశాబ్దాలు కనబడక అంతరించిందనుకున్న ఈ పక్షి 1986 జనవరిలో మళ్లీ దొరికింది. పొదల నేలరంగులో కలిసిపోయి, రాత్రి మాత్రమే తిరిగే దానిని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం నిపుణుల వలలు పట్టలేదు, ఒక స్థానిక వేటగాని చేతిదీపం పట్టింది. రెండేళ్లకు ఆ అడవి అభయారణ్యమైంది.

మయూర్ విహార్‌కు దక్షిణాన యమున మీద 1990లో ప్రకటించిన ఓఖ్లా పక్షి అభయారణ్యం ఉన్నది. శీతకాలంలో ఉత్తరాదినుండి బాతులు, స్నైప్‌లు ఆ రెల్లులోకి దిగుతాయి. పక్షులను ఫోటో తీసేవారు ఇటువంటి చోట్ల పొడవైన లెన్సులకు ఆకుపచ్చ, గోధుమ మచ్చల గుడ్డ తొడుగుతారు. ఎండకు తళుక్కుమనకుండా ఉండడానికే.