కాఖేతి ఇళ్లలో చుర్చ్‌ఖేలా

కాకసస్ పర్వతాల దక్షిణాన ఉన్న జార్జియా దేశంలో ద్రాక్షరసంతో ఇంట్లోనే చేసుకునే చుర్చ్‌ఖేలా అనే మిఠాయి చరిత్రను అక్కడి వైన్ చరిత్ర నుంచి విడదీసి చెప్పడం సాధ్యం కాదు. ఆ దేశపు ఆగ్నేయ ప్రాంతంలోని గదాచ్రిలి గోరా, షులావెరిస్ గోరా అనే నవీన శిలాయుగపు దిబ్బల్లో దొరికిన కుండపెంకులపై వైన్ ఆనవాళ్లను గుర్తించిన పరిశోధన 2017లో వెలువడింది. దానితో అక్కడి ద్రాక్ష వినియోగం సుమారు 8,000 ఏళ్ల నాటిదని తేలింది. చుర్చ్‌ఖేలా కూడా అంత పాతదని చెప్పడానికి ఆ పెంకులు ఆధారం కావు. పూర్వపు యోధులు దీనిని దారిబత్తెంగా తీసుకువెళ్లేవారన్న మాట ప్రచారంలో ఉన్నా, పంట చేతికొచ్చిన కొద్ది వారాల్లోనే రసాన్ని చలికాలానికి నిల్వ చేసుకోవలసిన గృహస్థుల అవసరమే దీని పుట్టుకకు మరింత నమ్మదగిన కారణంగా కనిపిస్తుంది.

తూర్పున ఉన్న కాఖేతి ప్రాంతంలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జరిగే ద్రాక్షకోతను ర్త్వేలి అంటారు. అప్పుడు పిండిన రసంలో అధికభాగం క్వేవ్రీలకు, అంటే భూమిలో కంఠం దాకా పాతిపెట్టిన పెద్ద మట్టి బానలకు, చేరి వైన్‌గా మారుతుంది. మిగిలిన కొంత రసం, పులియడం మొదలుకాకముందే, వంటింటి గుండిగలోకి వెళుతుంది. దానిని చాలాసేపు మరిగించి, పైకి తేలిన తెట్టును తీసివేసి, గోధుమపిండి కలిపి ఉండ కట్టకుండా ఎడతెగక కలియబెడితే తతారా అనే చిక్కని పాకం సిద్ధమవుతుంది. దారానికి గుచ్చిన అక్రోటు పలుకుల దండలను ఆ పాకంలో ముంచి, గాలి తగిలే చోట కర్రలకు వేలాడదీసి, పైపొర ఆరాక మళ్లీ ముంచుతారు. ఆరిన పొర మన మామిడితాండ్రలాగే సాగుతుంది. పశ్చిమ జార్జియాలో గోధుమపిండికి బదులు మొక్కజొన్నపిండి, అక్రోటుకు బదులు హేజెల్‌నట్ వాడడం వాడుక. ఇది రుచిభేదం కన్నా పంటల భేదాన్ని ఎక్కువగా తెలుపుతుంది.

ఈ పని ఒక్కరి చేతిమీద సాగేది కాదు. దండలు గుచ్చడం పిల్లల వంతు కాగా, పాకం ఎప్పుడు దించాలో నిర్ణయించడం ఇంటి పెద్ద స్త్రీల అధికారంగా ఉండేది. గుండిగ అడుగున మిగిలిన వెచ్చని తతారా కోసం పోటీపడడం అక్కడి కుటుంబాల బాల్యస్మృతుల్లో తరచు కనిపించే విషయం. కొలతలు రాసిపెట్టుకోవడం కన్నా గరిటె నుంచి పాకం జారే తీరును చూసి నేర్చుకోవడమే పద్ధతి కావడంతో, ఈ విద్య తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి చూపుతోనే అందింది.

సోవియట్ పాలనలో ద్రాక్షసాగు సమష్టి క్షేత్రాలకు, పెద్ద కర్మాగారాలకు మళ్లి, అధిక దిగుబడినిచ్చే కొద్ది రకాలకే ప్రాధాన్యం దక్కింది. 1985లో మొదలైన మద్యవ్యతిరేక ఉద్యమం ఎన్నో తోటలను నేలమట్టం చేసింది. అయినా చుర్చ్‌ఖేలా నిలిచింది. దానికి కర్మాగారం అవసరం లేదు, ఇంటి పందిరిమీది తీగ ఇచ్చే కొద్ది బుట్టల పండ్లు చాలు.

కాఖేతిలోని చుర్చ్‌ఖేలా తయారీ విధానాన్ని జార్జియా ప్రభుత్వం 2015లో తన అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ గుర్తింపు ఆవశ్యకమైనదే, ఎందుకంటే నేడు పర్యాటకుల దారిలో రంగురంగుల దండలుగా వేలాడే సరుకులో కొంత, ద్రాక్షరసానికి బదులు పంచదార, ఇతర పండ్లరసాలు కలిపి త్వరత్వరగా ఆరబెట్టినది. పాత పద్ధతిలో ఆరిన దండలను బట్టల మధ్య పొరలుగా పేర్చి, చల్లని చీకటి గదిలో రెండు మూడు నెలలు మగ్గనిస్తారు. ఆ కాలంలోనే ద్రాక్షలోని చక్కెర పైకి వచ్చి తెల్లని పొడిలా పరుచుకుంటుంది, లోపలి భాగం మెత్తబడుతుంది. శరత్కాలంలో ముంచిన దండ కొత్త సంవత్సరపు విందుకు అందివచ్చేది అందువల్లనే. ఆ మగ్గే గడువును తీసివేసి అమ్మే సరుకుకు చుర్చ్‌ఖేలా ఆకారం ఉంటుంది గాని, కాఖేతి గృహిణులు ఆ పేరుతో ఎరిగిన పదార్థం మాత్రం అది కాదు.